శ్రీకాకుళం తీరంలో పక్షులు, తాబేళ్లు చూడాలంటే: ఎప్పుడు, ఎక్కడ, ఎలా

రణస్థలం మండలం కొవ్వాడ వైపు నుంచి ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు దాకా శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. అయినా సెలవు రోజున కళింగపట్నం బీచ్‌కి వెళ్లి, లైట్‌హౌస్ ముందు నాలుగు ఫోటోలు దిగి, సాయంత్రానికి ఇంటికొచ్చి "అక్కడేముంది, ఇసుకేగా" అనేవాళ్లే ఎక్కువ. అక్కడ ఏముందో, దాన్ని ఎలా చూడాలో చెప్పడానికే ఇది రాస్తున్నా.

ఉన్నది చాలా ఉంది, కానీ ఎప్పుడు పడితే అప్పుడు వెళ్తే కనబడదు. ఏ నెలలో వెళ్తున్నాం, ఆ వేళకి సముద్రం పోటు మీద ఉందా పాటు మీద ఉందా, వెలుగు ఎటు నుంచి పడుతోంది, ఈ మూడూ చూసుకుని బయల్దేరాలి. వీటితో పాటు ఊళ్లో మత్స్యకారుల్ని అడగాలి. నన్నడిగితే అన్నిటికంటే ఇదే ముఖ్యం, ఎందుకంటే రాత్రి ఏ ఒడ్డుకి తాబేలు ఎక్కిందో, ఏ మొగలో, అంటే నది సముద్రంలో కలిసే చోట, పిట్టలు దిగాయో వాళ్లకి తెల్లారేసరికే తెలిసిపోతుంది, ఏ యాప్‌లోనూ అది దొరకదు.

ముందు నెలల సంగతి. జూన్, జూలైలో వానలు పడగానే ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి, నవంబరు దాకా ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో నౌపడ పక్కన తేలినీలాపురానికి గూడబాతులు (పెలికాన్‌లు), ఎర్రకాళ్ల కొంగలు చేరతాయి, మార్చి, ఏప్రిల్ దాకా పిల్లల్ని పెంచుకుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉప్పు మడుల్లో, నదుల మొగల్లో ఉత్తరాన సైబీరియా లాంటి చలి ప్రాంతాల నుంచి వచ్చిన చిన్న చిన్న పిట్టలు, బాతులు ఉంటాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, మార్చి నుంచి మే మధ్యలో పిల్లలు సముద్రంలోకి వెళ్తాయి. ఏడాదిలో ఒక్కసారే వెళ్లగలమంటే జనవరి చివరి వారం పెట్టుకోండి, గూడు మీద గూడబాతు పిల్లలు, ఉప్పు మడుల్లో వలస పిట్టలు, తెల్లవారుజామున ఇసుక మీద తాబేలు జాడ, మూడూ ఒకే ప్రయాణంలో కుదిరే అవకాశం ఆ రోజుల్లోనే ఎక్కువ. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం తుఫాను కబురు వినకుండా బయల్దేరొద్దు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి తోటల్ని ఏం చేసిందో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు.

వెలుగు సంగతి చాలామంది పట్టించుకోరు, అందుకే కాస్త వివరంగా చెప్తా. మన తీరంలో సూర్యుడు సముద్రం వైపు నుంచి లేస్తాడు. అంటే ఉదయం ఆరుంపావుకి ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే మీకు కనబడేవన్నీ నల్లటి నీడలే, రంగు తెలీదు, రెక్కల మీద చారలు తెలీవు, ఏ పిట్టో పోల్చుకోలేరు. కాబట్టి పొద్దున్న పూట ఉప్పు మడులు, తంపరలు (నీరు నిలిచే తడి నేలలు), చెరువుల దగ్గరికి వెళ్లి తూర్పు గట్టు మీద నిలబడి పడమర వైపు చూడండి, వెలుగు మీ వీపు మీద నుంచి వెళ్లి పిట్టల మీద పడుతుంది. సముద్రం మీద ఎగిరే గద్దలు, గల్‌లు, దూరంగా లేచి మునిగే డాల్ఫిన్‌లు చూడాలంటే మధ్యాహ్నం మూడు దాటాక ఒడ్డుకి వెళ్లండి. ఈ చిన్న మార్పుతోనే సగం పిట్టలు పోల్చుకోవడం సులువైపోతుంది.

పోటు, పాటుల లెక్క కూడా కష్టమేం కాదు. రోజుకి రెండు సార్లు నీరు ఎక్కుతుంది, రెండు సార్లు దిగుతుంది, ప్రతి రోజూ ఆ వేళ ముందు రోజు కంటే దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకి, పౌర్ణమికి పోటు పెద్దది, అష్టమి రోజుల్లో చిన్నది. ఇంట్లో పంచాంగం ఉంటే సగం పని అయిపోయినట్టే, మిగతాది ఫోన్లో విశాఖపట్నం పోటు వేళలు చూసుకుంటే సరిపోతుంది, మనకీ వాళ్లకీ పెద్ద తేడా ఉండదు. ఇది ఎందుకంటే, నీరు దిగినప్పుడు మొగల్లో బురద నేల బయటపడి పిట్టలన్నీ మేత కోసం దాని మీద చెల్లాచెదురుగా పరుచుకుపోతాయి, ఎక్కడో చుక్కల్లా కనబడతాయి. నీరు ఎక్కుతున్న కొద్దీ వాటికి నిలబడే చోటు తగ్గి, గుంపుగా ఒడ్డు వైపు, ఉప్పు మడుల గట్ల మీదికి వస్తాయి. పోటు నిండడానికి గంటన్నర ముందు వెళ్లి ఒక చోట కూర్చోండి, అవే మీ వైపు వస్తాయి. మీరు వాటి వెంట నడిస్తే మాత్రం లేచిపోతాయి. అంతంత దూరం ఎగిరొచ్చిన పిట్టకి మేత మధ్యలో లేచి ఎగరడమంటే ఒంట్లో దాచుకున్న కొవ్వు వృథా కావడమే.

ఇక చోట్ల దగ్గరికి వద్దాం. మొదటిసారి వెళ్లేవాళ్లకి తేలినీలాపురమే మంచిది. రైల్లో అయితే నౌపడ జంక్షన్ దగ్గర, రోడ్డు మీద అయితే టెక్కలి మీదుగా వెళ్లాలి. ఊళ్లో చింత చెట్ల మీదే, ఇళ్ల పక్కనే గూళ్లు ఉంటాయి. అటవీ శాఖవాళ్ల పక్షుల కేంద్రం, పైకెక్కి చూడ్డానికి టవరు కూడా ఉన్నాయి. గూడబాతు అంటే పెలికాన్, ముక్కు కింద పెద్ద సంచి వేలాడే తెల్లటి, బూడిద రంగు పక్షి, దగ్గర్నుంచి చూస్తే ముక్కు అంచున నీలం చుక్కలు కనబడతాయి. ఎర్రకాళ్ల కొంగకి ముక్కు పసుపు, తల నారింజ, వెనక భాగంలో గులాబీ రంగు ఈకలు ఉంటాయి. పెద్ద కొంగలు పెద్దగా అరవవు, ముక్కులు టకటకా కొట్టుకుంటాయి. మీకు వినబడే గోలంతా పిల్లలది. జనవరిలో వెళ్తే తల్లి సంచిలోకి పిల్ల తలంతా దూర్చి చేప లాక్కోవడం చూడొచ్చు, అది చూడ్డానికి అరగంట ఒకే చెట్టు దగ్గర నిలబడినా నష్టం లేదు. చెట్ల కింద నిలబడేటప్పుడు నెత్తి మీద టోపీయో కండువాయో ఉండాలి, ఎందుకో వెళ్లాక మీకే తెలుస్తుంది.

అక్కడ చెట్టుని ఊపొద్దు, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపొద్దు, డ్రోన్ అసలే ఎగరేయొద్దు. తల్లి కంగారుగా లేస్తే గుడ్లు, పిల్లలు గూట్లోంచి జారిపడతాయి, ఆ ఖాళీలో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. దీపావళి సరిగ్గా గూళ్లు కట్టుకునే రోజుల్లోనే వస్తుంది, ఆ చుట్టుపక్కల చుట్టాలింటికి వెళ్లేవాళ్లు బాంబులు పట్టుకెళ్లకండి. చచ్చిన పక్షి కనబడితే చేత్తో ముట్టకుండా అక్కడి సిబ్బందికి చెప్పండి. 2022 మొదట్లో ఇక్కడ చాలా గూడబాతులు వరసగా చనిపోయాయి, చేపల ద్వారా కడుపులోకి చేరిన పరాన్నజీవి పురుగులు కారణమని పరీక్షల్లో తేలింది. చచ్చిన పక్షి గురించి ఎవరో ఒకరు మొదటి రోజే చెప్తే పరీక్షలు త్వరగా మొదలవుతాయి.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. తేలినీలాపురం, తేలుకుంచి పక్షుల్ని అందరూ సైబీరియా నుంచి వచ్చాయంటారు, పేపర్లలో కూడా అలాగే రాస్తారు. నిజానికి ఈ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఓపెన్‌బిల్ కొంగలు మన దేశంలో ఉండేవే, నీరు, మేత దొరికే చోటుకి తిరుగుతూ ఇక్కడికొచ్చి గుడ్లు పెడతాయి. సైబీరియా వైపు నుంచి వచ్చే పిట్టలు ఇక్కడ గూడు కట్టవు, చలికాలం గడిపి వెనక్కి వెళ్లి అక్కడ ఎండాకాలంలో పిల్లల్ని చేస్తాయి. దీంతో మన బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. ఇవి మన ఊళ్లో పుట్టిన పక్షులు, మన ఆడపడుచు పురిటికి పుట్టింటికి వచ్చినట్టు ప్రతి ఏడూ ఇక్కడికే వస్తాయి.

తేలుకుంచికి ఇచ్ఛాపురం నుంచి ఆటోలో వెళ్లిపోవచ్చు. ఓపెన్‌బిల్ కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, దాంతో పొలాల్లో నత్తల్ని పట్టి గుల్లలోంచి మాంసం లాగి తింటుంది. వరి నాట్లు అయ్యాక ఆగస్టులో పొలం గట్ల మీద ఇవి నడిచే తీరు చూస్తే రైతుకి ఎంత మేలు చేస్తున్నాయో తెలుస్తుంది. ఊళ్లోవాళ్లు తరాలుగా వీటిని కాపాడుకొస్తున్నారు, పక్షులు రాకపోతే వానలు పడవని పెద్దవాళ్లు అంటారు. ఇంటి పెరట్లోకి వెళ్లి ఫోటో తీయాలంటే "అమ్మా, లోపలికి రావచ్చా" అని ఒక్క మాట అడగండి, మంచినీళ్లు కూడా ఇస్తారు.

తేలినీలాపురం పక్షులు ఊళ్లో గూడు కట్టినా మేతకి వెళ్లేది నౌపడ చిత్తడి నేలలకి, తంపర భూములకి. అందుకే గూళ్లు చూసి వెనక్కి తిరిగి రాకుండా ఆ చుట్టుపక్కల ఒక పూట గడపండి. నౌపడ ఉప్పు మడుల గట్ల మీద నడుస్తుంటే సన్నటి ఎర్ర కాళ్లతో నలుపు తెలుపు స్టిల్ట్ పిట్టలు, అటూ ఇటూ పరుగులు తీసే చిన్న ప్లోవర్‌లు, నీళ్లలో ముక్కు గుచ్చుతూ తిరిగే ఉల్లంకి పిట్టలు, తీతువులు, తెల్ల కొంగలు కనబడతాయి. కొత్తవాళ్లకి చిన్న పిట్టలన్నీ ఒకటే అనిపిస్తాయి. ముందు రంగు చూడకండి, ముక్కు పొడుగు చూడండి, కాళ్ల రంగు చూడండి, నడక చూడండి. పరిగెత్తి ఆగి, పరిగెత్తి ఆగి తినేది ప్లోవర్. ఆగకుండా కుట్టు మిషను సూదిలా ముక్కు గుచ్చుతూ పోయేది సాండ్‌పైపర్ జాతి. ముక్కు కిందికి వంగి బాగా పొడుగ్గా ఉంటే కర్లూ. ఈ మూడు గుర్తులతో మొదలుపెడితే చాలు, మిగతావి పుస్తకం పట్టుకుని నెమ్మదిగా నేర్చుకోవచ్చు. ఉప్పు మడులు ఒకరి జీవనాధారం, గట్లు తొక్కి పాడు చేయొద్దు, పని చేసేవాళ్లని అడిగి నడవండి.

ఈ తంపరలు, సోంపేట బీల లాంటి నేలలు బయటివాళ్లకి బంజరులా కనబడతాయి. 2010లో సోంపేట బీల కోసం, 2011లో కాకరాపల్లి తంపర కోసం జనం థర్మల్ ప్లాంట్లని ఎదిరించి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ చేపలు, గడ్డి, సాగునీరు అన్నీ ఆ తడి నేల మీదే ఆధారపడి ఉన్నాయి. పక్షులు కూడా అంతే. బైనాక్యులర్స్‌తో వాటిని చూసేటప్పుడు ఆ నేల ఎలా మిగిలిందో కూడా తెలిసి ఉండాలని నా ఉద్దేశం.

ఇప్పుడు తాబేళ్లు. ఎక్కువమంది అడిగేది వీటి గురించే, ఎక్కువ నష్టం జరిగేది కూడా వీటికే, కాబట్టి ఇక్కడ ఓపిగ్గా చదవండి.

పొరుగున ఒడిశా గంజాం జిల్లాలో రుషికుల్య మొగ దగ్గర కొన్ని ఏళ్లలో ఆరు లక్షలకు పైగా ఆలివ్ రిడ్లేలు ఒకేసారి గుడ్లు పెట్టాయి. మన వైపు అలా గుంపుగా రావు, ఒకటీ రెండూ విడివిడిగా ఎక్కుతాయి. బారువ, కళింగపట్నం, భావనపాడు, డొంకూరు, ఇలా తీరం పొడుగునా ఎక్కడైనా ఎక్కొచ్చు. రాత్రి చీకట్లో ఆడ తాబేలు అలలు దాటి పైకొచ్చి, వెనక కాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో అదిమి, వెనక్కి వెళ్లిపోతుంది. మొత్తం గంట లోపే. గుడ్లు నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో పొదుగుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయి, అందుకే ఒడ్డున సరుగుడు తోట నీడ ఎంత దాకా పడుతోందన్నది కూడా వీటికి పెద్ద విషయమే.

చూడాలంటే రాత్రి మీ అంతట మీరు టార్చి పట్టుకుని తిరగడం సరైన పద్ధతి కాదు. తెల్లవారుజామున, అంటే అయిదు, అయిదున్నరకి, తడి ఇసుక అంచు వెంట నడవండి. రాత్రి తాబేలు ఎక్కి ఉంటే జాడ స్పష్టంగా కనబడుతుంది: రెండడుగులకు పైగా వెడల్పు, ఎడమ కుడి రెక్కల గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి, సముద్రంలోంచి పైకి ఒక దారి, కిందికి ఇంకో దారి. పై చివర ఇసుక చిందరవందరగా చల్లినట్టు ఉంటే గూడు పెట్టినట్టే. గుండ్రంగా తిరిగి గొయ్యి లేకుండా వెనక్కి వెళ్లిపోతే ఏదో బెదిరించింది, కుక్కో, లైటో, మనుషుల అలికిడో. గూడు మీద నడవకండి, తవ్వి చూడకండి, కర్ర గుచ్చకండి. తీరంలో అటవీ శాఖ, స్వచ్ఛంద సంస్థలు కలిసి నడిపే గుడ్ల సంరక్షణ కేంద్రాలు ఉన్నాయి, అక్కడ పనిచేసేది ఎక్కువగా ఆ ఊళ్ల మత్స్యకారులే. వాళ్లు తెల్లారక ముందే గుడ్లు సేకరించి కంచె లోపల అదే లోతులో పాతుతారు. గుడ్డుని తిప్పినా, అదిరించినా లోపల పిండం చచ్చిపోతుంది, అందుకే ఆ పని నేర్చుకున్నవాళ్లే చేయాలి. మీరు చేయగలిగింది కబురు చెప్పడం.

"బాబాయ్, రాత్రి తాబేలేమైనా ఎక్కిందా?" అని తెప్పల దగ్గర వల సర్దుకునేవాళ్లని అడిగి చూడండి. చాలామంది దాన్ని కూర్మావతారంగానే చూస్తారు, వలలో బతికి పడితే దండం పెట్టి వదిలేస్తారు. గార మండలం శ్రీకూర్మంలో కూర్మనాథుణ్ణి కొలిచే జిల్లా ఇది, అది ఆశ్చర్యమేం కాదు. కళింగపట్నం వెళ్లే దారిలో ఆ గుడికి వెళ్తే అక్కడ పెంచే నక్షత్ర తాబేళ్లని కూడా చూడొచ్చు, అవి నేల మీద బతికేవి, వాటికీ సముద్ర తాబేళ్లకీ తేడా పిల్లలకి చూపించడానికి అంతకంటే మంచి చోటు లేదు.

రాత్రి పూట గుడ్లు పెట్టే తాబేలుని చూడాలని గట్టిగా ఉంటే ముందు అటవీ శాఖవాళ్లని అడిగి, వాళ్ల కాపలా మనిషితోనే వెళ్లండి. ముదురు రంగు బట్టలు వేసుకోండి. ఫోను జేబులోనే ఉండాలి. తాబేలు పైకెక్కుతుంటే కదలకుండా కూర్చోండి, గుడ్లు పెట్టడం మొదలయ్యాక కూడా వెనక వైపు నుంచే, దూరంగానే చూడండి, ముందుకు వెళ్లొద్దు. ఫ్లాష్ వద్దే వద్దు. తాబేలు మీద చెయ్యి వేసి, పిల్లాణ్ణి దాని మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసుకునేవాళ్లని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూల్‌లో ఉన్న జీవి అది, పులికి ఎంత రక్షణో దీనికీ అంతే, గుడ్లు తీసినా జైలే.

సంరక్షణ కేంద్రాల్లో పుట్టిన తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజులు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువ. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వదులుతారు. ఇది ఇంట్లో పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి చూడదగ్గది. చేతిలోకి తీసుకుని నీళ్లలో పెట్టేద్దామని అనిపిస్తుంది, పెట్టకండి, ఆ నాలుగు గజాలూ అవి సొంతంగా పాకితేనే మంచిది. గీసిన గీత వెనకే నిలబడండి, అడుగు తీసి వేసే ముందు కింద చూసుకోండి. పుట్టిన పిల్ల వెలుగు ఎటు ఎక్కువ ఉంటే అటు వెళ్తుంది. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రం మీదే ఉంటుంది, కానీ రిసార్టు లైట్లు, బైకు లైట్లు వెలిగితే రోడ్డెక్కి చచ్చిపోతుంది. తీరంలో ఇల్లో, హోటలో ఉన్నవాళ్లు జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు లైట్లు ఆపేస్తే చాలా పిల్లలు బతుకుతాయి. బైకులు, జీపులు ఇసుక మీద నడపడం కూడా ఆ నెలల్లో మానేయాలి, గూడు పైన టైరు ఎక్కితే కింద ఇసుక గట్టిపడి పిల్లలు పైకి రాలేవు.

చచ్చిన తాబేళ్లు కూడా కనబడతాయి, దానికి సిద్ధపడే వెళ్లండి. డిసెంబరు నుంచి మార్చి దాకా పెద్ద బోట్ల వలల్లో చిక్కుకుని ఊపిరాడక చచ్చినవి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తాబేలు ఊపిరి పీల్చడానికి నీటి పైకి రావాలి, వలలో గంటల తరబడి ఉండిపోతే బతకదు. ట్రాల్ వలకి తాబేలు తప్పించుకునే పరికరం బిగిస్తే అది బయటికి వెళ్లిపోతుంది, చేప మిగులుతుంది. దాన్ని నిజంగా వాడుతున్నారా లేదా అన్నది ఒడ్డున పడే కళేబరాల లెక్కలోనే తెలుస్తుంది, అందుకే మీరు చూసిన ప్రతి దాన్నీ రాసిపెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం ఉంటుంది, కానీ అది చేపలు పెట్టే గుడ్ల కోసం పెట్టిన కాలం, తాబేళ్లు ఎక్కే నెలలు అప్పటికే అయిపోయి ఉంటాయి.

తాబేలు కనబడని రోజు కూడా ఇసుక మీద చూడ్డానికి బోలెడు ఉంటుంది. ఎర్ర పీతలు దూరం నుంచి ఇసుక మీద ఎర్ర తివాచీ పరిచినట్టు ఉంటాయి, మీరు దగ్గరికెళ్లగానే ఒక్కటి మిగలదు. అడుగుల అదురు వాటికి తెలిసిపోతుంది. కదలకుండా పది నిమిషాలు కూర్చోండి, ఒకటొకటిగా కళ్లు పైకి పెట్టి బయటికొస్తాయి. కన్నాల చుట్టూ చిన్న చిన్న ఇసుక ఉండలు పూల ముగ్గులా పేర్చి ఉంటే అది ఇంకో రకం చిన్న పీత పని, ఇసుకలోంచి తిండి పీల్చుకుని మిగిలిన ఇసుకని ఉండ చేసి పడేస్తుంది.

తెప్పలు, ఫైబర్ బోట్లు ఒడ్డెక్కే వేళకి, పెద్దవల లాగే వేళకి అక్కడ ఉంటే సముద్రం లోపల ఏముందో తెలుస్తుంది. పైన గద్దలు తిరుగుతుంటాయి: ఇటుక రంగు ఒళ్లు, తెల్ల తల ఉంటే గరుడ పక్షి, పొట్ట తెల్లగా, రెక్కలు వెడల్పుగా, ఇంకా పెద్దగా ఉంటే సముద్రపు గద్ద. వల లాగేటప్పుడు అడ్డం పడకండి, చేతనైతే తాడు పట్టండి, తర్వాత వాళ్లే పిలిచి చూపిస్తారు. వలలో సముద్రపు పాము పడొచ్చు, తోక తెడ్డులా చదునుగా ఉంటుంది, చాలా విషం, చచ్చినట్టున్నా ముట్టొద్దు. కరిస్తే కదలకుండా ఉంచి వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. జెల్లీఫిష్ తగిలితే రుద్దకండి, సముద్రపు నీళ్లతోనే కడగండి. ఒడ్డున ఎంత ప్రశాంతంగా కనబడినా ఈతకి దిగొద్దు, మన బీచ్‌ల్లో అడుగున లాగే ప్రవాహాలు ఉంటాయి.

పెద్ద జీవులు కొట్టుకొచ్చిన రోజులూ ఉన్నాయి. 2023 జూలైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి ఒక తిమింగలం కళేబరం వచ్చింది, చుట్టుపక్కల ఊళ్లన్నీ చూడ్డానికి కదిలాయి. అలాంటిది కనబడితే మీద ఎక్కకండి, లోపల గ్యాసు పట్టి పగిలే ప్రమాదం ఉంటుంది, రోగాలూ అంటొచ్చు. డాల్ఫిన్ బతికి ఒడ్డున పడితే నడినెత్తిన ఊపిరి రంధ్రం మూయకుండా తడి గుడ్డ కప్పి, జనాన్ని దూరంగా ఉంచి, మెరైన్ పోలీసులకి, అటవీ శాఖకి కబురు పెట్టండి. తోక పట్టి లాగొద్దు.

ఉద్దానం వైపు, అంటే వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట మండలాల్లో తిరిగేవాళ్లకి ఒక హెచ్చరిక. జీడి, పనస, కొబ్బరి తోటల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. పనసపండ్లు, జీడిపండ్లు పండే కాలంలో తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ తోటల్లోంచి ఒంటరిగా నడవకండి. తీరానికి అడ్డదారి అని తోటలోంచి వెళ్లే కంటే రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్లడం మేలు. ఎలుగుని చూడ్డానికి ఎవరైనా తీసుకెళ్తామన్నా వెళ్లొద్దు.

విజయనగరం వైపు తీరం చిన్నదే, భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో ఉంటుంది. అక్కడ చంపావతి సముద్రంలో కలిసే కోనాడ మొగ చలికాలం పిట్టలకి బాగుంటుంది, జనం తక్కువ. చింతపల్లి దగ్గర లైట్‌హౌస్ ఉన్న గుట్ట మీద నుంచి సముద్రం చాలా దూరం కనబడుతుంది, డాల్ఫిన్‌ల కోసం మధ్యాహ్నం అక్కడ కూర్చోవచ్చు. శ్రీకాకుళంలో నాగావళి, వంశధార, ఇచ్ఛాపురం దగ్గర బాహుదా మొగలు కూడా ఇలాంటివే, ఏదో ఒకటి మీ ఊరికి దగ్గర్లో ఉంటుంది, దూరం వెళ్లే బదులు దాన్నే ఏడాది పొడుగునా చూడండి, నెల నెలా ఎలా మారుతోందో తెలుస్తుంది.

సామాను పెద్దగా అక్కర్లేదు. 8×42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి) ఉంటే చాలు, అంతకంటే ఎక్కువ పవరున్నది గాలికి చేతిలో ఊగుతుంది. ఇంటికొచ్చాక తడి గుడ్డతో ఉప్పు తుడవండి, లేకపోతే అద్దాలు మసకబారిపోతాయి. నీళ్లు, టోపీ, చిన్న నోటు పుస్తకం, పెన్ను. పుస్తకంలో తేదీ, వేళ, చోటు, పోటా పాటా, ఏ పిట్ట ఎన్ని, ఇవి రాస్తే చాలు. పేరు తెలియకపోతే ముక్కు, కాళ్లు, నడక రాసి బొమ్మ గీయండి. పక్షుల లెక్కలు ఈ-బర్డ్ అనే వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే దేశమంతా పరిశోధించేవాళ్లకి పనికొస్తాయి, మన జిల్లా నుంచి వెళ్లే లెక్కలు ఇంకా పెరగాలి.

తాబేలు గూడు చోటు మాత్రం ఎక్కడా బయటపెట్టకండి, ఫోటోలో లొకేషన్ ఆపేయండి, వాట్సాప్ గ్రూపులో కూడా ఊరి పేరు రాయొద్దు. చచ్చిన తాబేలు కనబడితే తేదీ, ఊరు, చిప్ప పొడుగు ఎంత, తోక పొడుగ్గా ఉందా పొట్టిగా ఉందా చూసి రాయండి, పెద్ద తాబేళ్లలో తోక చిప్ప దాటి బయటికి పొడుగ్గా ఉంటే మగది. వల ముక్కలు చుట్టుకుని ఉన్నాయా, మెడ దగ్గర వాపు ఉందా చూడండి. ఒక ఫోటో తీసి, టెక్కలి గానీ కాశీబుగ్గ గానీ మీకు దగ్గరున్న అటవీ రేంజ్ ఆఫీసుకి అదే రోజు ఇవ్వండి, ఆలస్యమైతే అలలు లాక్కెళ్లిపోతాయి, కుక్కలు పీకేస్తాయి, లెక్కలోకి రాదు.